మూడోసారి తొక్కితే గానీ నిలబడని పెడల్

ప్రశ్న: మాది సికింద్రాబాద్, వెస్ట్ మారేడ్‌పల్లి. మా తాతగారి 1958 మోరిస్ మైనర్ ఇంకా మా షెడ్డులోనే ఉంది. 22 ఏళ్లు కదలకుండా పడి ఉన్న బండి. కిందటేడు ఇంజన్ బాగు చేయించాను, చక్కగా తిరుగుతోంది. తంటా అంతా బ్రేకులతోనే. పెడల్ మొదటిసారి తొక్కితే నేలకి తగులుతుంది, మూడోసారికి నిలబడుతుంది. మెకానిక్ బ్రేక్ ఆయిల్ మార్చి గాలి తీశాడు. రెండు రోజులు బాగుంది, మళ్లీ మొదటికొచ్చింది. పది నిమిషాలు తిప్పితే ముందు కుడి చక్రం చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది, బండి బరువుగా కదులుతోంది. ఆయిల్ తగ్గుతోంది గానీ కింద చుక్క కనబడదు. మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి. తాతగారి కారులోనే దాన్ని ఫంక్షన్ హాలుకి తీసుకెళ్లాలని నా కోరిక. ఇవన్నీ పీకేసి మారుతి 800 డిస్కులు వేద్దాం అంటున్నాడు మెకానిక్. వీడియోలు చూసి మనమే చేసుకుందాం అంటున్నాడు మా అబ్బాయి. మీరేమంటారు?

సమాధానం: ముందు ఆ కారు తాళంచెవి మీ శ్రీమతిగారికిచ్చి బీరువాలో పెట్టమనండి. పది నిమిషాలు తిప్పితే వేడెక్కుతోందని రాశారంటే, ఆ పెడల్‌తో మీరు రోడ్డెక్కుతున్నారన్నమాట. వద్దు. ఇప్పటి కార్లలో బ్రేక్ ఆయిల్‌కి రెండు వేరు వేరు దారులుంటాయి, ఒకటి కారిపోయినా రెండోది రెండు చక్రాలనైనా ఆపుతుంది. మీ మైనర్‌లో ఉన్నది ఒకే దారి. ఆయిల్‌ని ఆపే రబ్బరు కప్ ఎక్కడ ఒక్కటి చిరిగినా నాలుగు చక్రాలకీ ఒకేసారి బ్రేకు పోతుంది. ఇక మిగిలేది హ్యాండ్ బ్రేకే. 22 ఏళ్లు కదలని బండిలో దాని కేబుల్ ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

మీరు రాసిన లక్షణాలు మూడు. అవి మూడు వేరు జబ్బులు కావచ్చు, మెకానిక్ మూడింటికీ ఒకే మందు వేశాడు.

పెడల్ మొదట నేలకి తగిలి, మూడోసారికి గట్టిగా నిలబడుతోందంటే, చక్రంతో పాటు తిరిగే డ్రమ్ముకీ, దాన్ని లోపలినుంచి ఒత్తి ఆపే బ్రేక్ షూకీ మధ్య సందు పెరిగిపోయిందని మొదటి అనుమానం. ఒక్కో తొక్కుకి కొంచెం కొంచెం ఆయిల్ వెళ్లి ఆ సందుని పూడుస్తుంది, మూడోసారికి షూ డ్రమ్ముని పట్టుకుంటుంది. గాలి చేరినా ఇలాగే ఉంటుంది గానీ, అప్పుడు పెడల్ గట్టిగా ఉండదు, స్పాంజిలా మెత్తగా ఉంటుంది. ఇంకో తేడా చూడండి. నిలబడిన పెడల్ మీద కాలు తీయకుండా అలాగే నొక్కి ఉంచితే అది మెల్లగా కిందికి జారుతోందా? జారితే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి తోసేది) లోపలి కప్ పనైపోయింది, ఆయిల్ దాని పక్కనుంచి వెనక్కి వచ్చేస్తోంది. ఈ పరీక్షకి బండి కదలనక్కర్లేదు, ఇంజన్ కూడా అక్కర్లేదు.

ముందు కుడి చక్రం సంగతి. జాకీ ఎత్తి, స్టాండు మీద పెట్టి, ఆ చక్రం పట్టుకునేదాకా నాలుగైదుసార్లు పెడల్ తొక్కి వదిలేయండి. చక్రం తిరగడం లేదుగా? ఇప్పుడు దాని నిపుల్ (గాలి తీసే చిన్న మర) కొద్దిగా విప్పండి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలేస్తే, లోపల ఒత్తిడి చిక్కుకుపోయిందని అర్థం. ఆ ఒక్క చక్రమే అయితే హోస్ పైపు లోపల ఉబ్బి పూడుకుపోయింది. పైకి నున్నగా కనబడుతుంది గానీ లోపలి రబ్బరు పొర ఊడి తలుపులా పని చేస్తుంది. మీ కాలి బలానికి ఆయిల్ అటు వెళ్తుంది, తిరిగి రావడానికి స్ప్రింగు బలం చాలదు. నాలుగు చక్రాలూ పట్టేస్తుంటే తప్పు మాస్టర్‌లో ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను. నిపుల్ విప్పినా చక్రం వదలకపోతే, షూలని తోసే వీల్ సిలిండర్‌లో పిస్టన్ తుప్పుతో బిగుసుకుపోయినట్టు. మీ బండిలో ముందు ఒక్కో చక్రానికి రెండు సిలిండర్లు. రెండింట్లో ఒకటి బిగుసుకున్నా చాలు.

ఇక కింద చుక్క పడకుండా తగ్గే ఆయిల్. అది ఎక్కడికీ మాయం కాదు. వెనక డ్రమ్ముల లోపల షూలు తాగేస్తుంటాయి, లేదా మాస్టర్ వెనక బూటు (రబ్బరు తొడుగు) లోంచి కారి ఛాసీ పెట్టెలో చేరుతుంది. మైనర్‌లో మాస్టర్ సిలిండర్ డ్రైవరు కాళ్ల కింద, నేల రేకుకి దిగువన ఛాసీలో ఉంటుందని మీకు తెలిసే ఉంటుంది. కార్పెట్ తీసి మూత విప్పితే గానీ ఆయిల్ పోసే బిరడా కనబడదు. అంత మరుగున ఉన్న వస్తువు చుక్కలు చుక్కలుగా కారినా ఎవరికి తెలుస్తుంది?

కాబట్టి నా సలహా ఒక్కటే. ముక్కలు ముక్కలుగా బాగు చేయించకండి. మాస్టర్, ఆరు వీల్ సిలిండర్లు, మూడు హోసులు, ఇనుప పైపులు, షూలు, అన్నీ ఒకే విడతలో దింపి ఒకే విడతలో ఎక్కించండి. కొత్త మాస్టర్ కట్టి పాత వీల్ సిలిండర్లని వదిలేస్తే, ఇన్నేళ్లు పూర్తి ఒత్తిడి ఎరగని ఆ ముసలి కప్పులు మొదటిసారి దాన్ని చూస్తాయి. అప్పుడు వాటి వంతు. ఒకచోట మాసిక వేస్తే పక్కన చిరిగే పాత పంచె లాంటిదే ఇది. పంచె చిరిగితే నవ్వుతారంతే, ఇక్కడ వెనక సీట్లో పెళ్లికూతురు కూర్చుంటుంది.

డిస్కుల గురించి మీ మెకానిక్ మీద నాకు కోపం లేదు. ఉస్తాదులు రోజూ చేసే పని వాళ్ల చేతికి అలవాటు. కానీ డిస్కుకి డ్రమ్ముకంటే చాలా ఎక్కువ ఒత్తిడి కావాలి, అందుకే మారుతిలో కాలి బలాన్ని పెంచే బూస్టరుంది. మీ కారులో లేదు. పైగా మీ మాస్టర్ చివర ఒక చిన్న వాల్వు ఉంటుంది. డ్రమ్ము బ్రేకుల కోసం లైనులో కొద్దిపాటి ఒత్తిడిని అది ఎప్పుడూ నిలిపి ఉంచుతుంది. దానికి డిస్కులు తగిలిస్తే ప్యాడ్లు డిస్కుని వదలకుండా రాసుకుంటూనే ఉంటాయి. వాల్వు తీసేస్తే వెనక డ్రమ్ములకి ఇబ్బంది. హబ్బు, చక్రం, స్టీరింగ్ చేతులు, ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ పోవాలి. ఇంగ్లండులో మైనర్ కోసమే లెక్కలు కట్టి చేసిన డిస్కు కిట్లు ఉన్నాయి, వాటి సంగతి వేరు. చాదర్‌ఘాట్‌లో దొరికిన సెకండ్ హ్యాండ్ హబ్బుకి వెల్డింగ్ పెట్టి చేసే పనికి నేను ఒప్పుకోను. ముందు చక్రాల మీద ఏ వెల్డింగూ వద్దు.

నిజానికి మీ డ్రమ్ములు తక్కువవి కావు. 1962లో 1098 సీసీ ఇంజన్ వచ్చినప్పుడు ముందు డ్రమ్ముల్ని 8 అంగుళాలు చేశారు. మీది 948 సీసీ బండి, నాలుగూ 7 అంగుళాలవే. అయినా ముందు రెండు షూలూ చక్రం తిరిగే దిక్కుకే ఎదురొడ్డేలా పెట్టారు. డ్రమ్ము తిరుగుతూ షూని తనవైపు లాక్కుంటుంది, మీ కాలి బలానికి అది తోడవుతుంది. ఆ సన్నటి టైర్లకి ఇది సరిపోయే బ్రేకే. దీనికి ఒక లోపముంది, గుర్తుంచుకోండి. బండి వెనక్కి దొర్లుతున్నప్పుడు ఆ సాయం ఉండదు. బంజారాహిల్స్ ఎత్తు మీద సిగ్నల్ దగ్గర ఆగితే ఫుట్ బ్రేకు కంటే హ్యాండ్ బ్రేకుని నమ్ముకోవాలి.

మీ అబ్బాయి మాట సగం కరెక్టు. విప్పడం, కడగడం, బిగించడం, గాలి తీయడం ఇంట్లోనే చేసుకోవచ్చు. ఓపికున్న కుర్రాడు తొందరలో ఉన్న మెకానిక్ కంటే బాగా చేస్తాడు. లేత్ పని, షూలకి లైనర్ (డ్రమ్ముని రాసుకునే పొర) కొట్టే పని మాత్రం బయటికివ్వాలి. చివర్లో బ్రేకులు తెలిసిన ఒక పాత చేతితో ప్రతి నట్టూ మళ్లీ చూపించుకోవాలి.

అబ్బాయికి రెండు జాగ్రత్తలు చెప్పండి. ఒకటి, జాకీ మీద ఉన్న బండి కిందికి దూరకూడదు. ఇటుకలు పేర్చడం కూడా వద్దు, ఇటుక చెప్పకుండా పగులుతుంది. నాలుగు ఇనుప స్టాండ్లు కొనండి. రెండోది ఇంకా ముఖ్యం. ఆ కాలపు లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. డ్రమ్ము విప్పగానే కంప్రెసర్ గాలి కొట్టడం మన షెడ్లలో అలవాటు, ఆ నల్లటి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా బయటపడుతుంది. సబ్బునీళ్లు చల్లి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవరులో మూటగట్టి పారేయాలి. మాస్కు పెట్టుకోవాలి.

విప్పేటప్పుడు ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకోండి. స్ప్రింగు ఏ బెజ్జంలో ఉండాలో సందేహమొస్తే విప్పని చక్రం చెబుతుంది. ఫోన్లో ఫొటోలు తీసుకోండి. డ్రమ్ముని రెండు స్క్రూలు పట్టుకుని ఉంటాయి. 22 ఏళ్ల తర్వాత అవి తేలిగ్గా రావు, ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే నూనె చుక్కలు వేసి ఉంచండి. సుత్తి పట్టుకునే ముందు అడ్జస్టర్ వెనక్కి తిప్పి షూలని వదులు చేయాలి. అది చేయకుండా డ్రమ్ముని బాది బాది అంచు విరగ్గొట్టిన వాళ్లని చూశాను.

డ్రమ్ము చేతికొచ్చాక, కుండ కొనేముందు మీటి చూస్తామే, అలా ఒక చిన్న సుత్తితో మీటండి. ఖంగుమంటే మంచిది. మొద్దుగా పలికితే ఎక్కడో పగులుంది, లేత్‌కి తీసుకెళ్లడం దండగ. మంచి డ్రమ్ములయితే గీతలు పోయేంత మేరకే కోయించండి, ఒకే ఇరుసు మీది రెండు డ్రమ్ములనీ ఒకే సైజుకి. మొత్తం కోత వ్యాసంలో మిల్లీమీటరున్నర దాటకుండా చూడమని లేత్ ఆయనకి ముందే చెప్పండి. పల్చబడిన డ్రమ్ము వేడికి తొందరగా లొంగిపోతుంది. షూలకి లైనర్ కొట్టించేటప్పుడు కోసిన డ్రమ్ముల్ని వెంట తీసుకెళ్లండి, లైనర్ వంపు ఆ డ్రమ్ముకే కుదరాలి. ఆస్‌బెస్టాస్ లేని లైనరే అడగండి. ఆయిల్ తాగిన పాత లైనర్లని పెట్రోలులో కడిగి, మంటపెట్టి కాల్చి, మళ్లీ వాడే చిట్కా ఎవరైనా చెబితే వినకండి. మొదటిసారి వేడెక్కగానే తాగిన నూనె మళ్లీ పైకొస్తుంది.

వెనక షూలు తడిగా ఉంటే వాసన చూడండి. బ్రేక్ ఆయిల్ కాక చిక్కటి గేర్ ఆయిల్ వాసనొస్తే, అది వెనక హబ్బు సీలు దాటి వస్తోంది. మైనర్లకి ఇది పాత రోగమే. సీలు మార్చకుండా కొత్త షూలు వేస్తే నెల తిరక్కుండా మళ్లీ అదే కథ.

ఇప్పుడు సిలిండర్లు. కప్పులు తీసి, లోపలి గోడని టార్చి వేసి చూడండి, వేలుగోరుతో గీరి చూడండి. మరకలే అయితే సన్నటి హోనింగ్‌తో (సానరాళ్లతో రుద్దడంతో) పోతాయి. గోరు ఎక్కడైనా చిక్కుకుందా, ఆ గుంట మీద ఏ కొత్త కప్పూ నిలవదు. మీ మెకానిక్ వైద్యం రెండు రోజులే పని చేయడానికి కారణం ఇదే అయ్యుంటుంది. గాలి తీశాడు గానీ గాలి వచ్చే దారి అలాగే ఉంది.

వీల్ సిలిండర్లు, హోసులు ఇంగ్లండు నుంచి కొత్తవి తెప్పించుకోండి. మైనర్‌కి అక్కడ ఇప్పటికీ దాదాపు ప్రతి సామానూ తయారవుతోంది. కొరియరు, కస్టమ్స్ కలుపుకున్నా ఆరు పాత సిలిండర్లకి పని చేయించడం కంటే నయం. మాస్టర్ మాత్రం పాతదాన్నే స్లీవ్ వేయించి ఉంచుకోవాలని నా అభిప్రాయం. ఆ కాలపు పోత ఇనుము గట్టిది. రాణిగంజ్‌లో గానీ బాలానగర్‌లో గానీ మంచి లేత్ ఉన్నాయన స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం దిగ్గొట్టి అసలు సైజుకి తెచ్చి ఇస్తాడు. సైజు దగ్గర జాగ్రత్త. ఆ బండి లెక్కలన్నీ అంగుళాల్లో ఉంటాయి. ముప్పాతిక అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు, ఏడెనిమిదో వంతులంటే 22.2. "దగ్గరదగ్గరగా ఉంది సార్, పట్టేస్తుంది" అని వేరే బండి కిట్ ఇవ్వబోతే మర్యాదగా లేచి వచ్చేయండి. పుత్లీబౌలీలో మేజర్ కిట్, మైనర్ కిట్ అని అడుగుతారు. మైనర్ కిట్ అంటే మీ మైనర్ కారు కిట్ అనుకునేరు! రబ్బర్లు మాత్రమే ఉండేది మైనర్ కిట్, పిస్టన్, స్ప్రింగుతో సహా వచ్చేది మేజర్.

స్లీవ్ వేయించాక తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మాస్టర్ పై గోడలో రెండు బెజ్జాలుంటాయి, ఒకటి పెద్దది, ఇంకోటి సూదిమొనంత. స్లీవ్‌లో వాటిని సరిగ్గా అదే చోట మళ్లీ వేశారా? లోపలి అంచు నున్నగా తీశారా? కాలు తీయగానే లైన్లలోని ఆయిల్ ఆ సూది బెజ్జంలోంచే మాస్టర్‌లోని ఆయిల్ డబ్బాలోకి తిరిగి రావాలి. అది మూసుకుపోతే, వేడికి వ్యాకోచించిన ఆయిల్‌కి పోయే చోటు లేక నాలుగు చక్రాలూ తమంతట తామే పట్టేస్తాయి. అంచు గరుకుగా ఉంటే కొత్త కప్ పెదవిని పది రోజుల్లో కొరికేస్తుంది. పెడల్ కడ్డీకీ పిస్టన్‌కీ మధ్య కొంచెం ఖాళీ ఉండాలి అనేది కూడా ఇందుకే. కొత్త కార్పెట్ మందమై పెడల్ పూర్తిగా వెనక్కి రాకపోయినా పిస్టన్ ఆ బెజ్జాన్ని మూసే ఉంచుతుంది.

మాస్టర్‌ని దింపడం ఈ మొత్తం పనిలో చికాకైన భాగం. దాని బోల్టులు బయటికి రాకుండా సస్పెన్షన్ టార్షన్ బార్ అడ్డంగా ఉంటుంది. ఆ బార్ మెలిపెట్టి ఉన్న స్ప్రింగు, ఒత్తిడి మీద ఉంటుంది. దాన్ని అబ్బాయి చేత విప్పించకండి, ఈ ఒక్క పనికి అనుభవమున్న మెకానిక్‌ని పిలవండి. తిరిగి కట్టేటప్పుడు బోల్టుల్ని తిరగేసి, తల అటు నట్టు ఇటు వచ్చేలా పెట్టమనండి. ఇంకోసారి బార్ జోలికి పోకుండానే మాస్టర్ దింపుకోవచ్చు.

ఇనుప పైపులు పైకి బాగున్నా మార్చేయండి, అవి లోపలినుంచి తుప్పు పడతాయి. ఏసీ రిపేరు షాపులో దొరికే మెత్తటి రాగి పైపు వంచడానికి సుఖంగా ఉంటుంది గానీ, కదుపులకి బిగుసుకుపోయి పగులుతుంది. రాగి, నికెల్ కలిపిన బ్రేకు పైపు అడగండి, 3/16 అంగుళం. నట్టు మర 3/8 అంగుళం, అంగుళానికి 24 చుట్లు. ఇప్పటి కార్ల 10 మిల్లీమీటర్ల నట్టు చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, మొదటి చుట్టు పట్టుకున్నట్టే అనిపిస్తుంది, పానాతో బలవంతం చేస్తే రెండు మరలూ పాడవుతాయి. వేళ్లతో నాలుగు చుట్లు తిరగని నట్టు ఆ బెజ్జానిది కాదు.

కడగడం గురించి నా కథ ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట నా పాత ఫియట్‌కి, వరంగల్ దారిలో ఆలేరు దాటాక ఒక షెడ్డులో బ్రేక్ ఆయిల్ తగ్గిందని పోయించుకున్నాను. ఆ కుర్రాడు డబ్బా తప్పు తీశాడు, పోసింది మామూలు మినరల్ ఆయిల్. నేను పక్కనే నిలబడి టీ తాగుతున్నాను, డబ్బా మీద ఏం రాసుందో చూడలేదు. జనగామ చేరేసరికి బండి నాలుగు కాళ్లూ కట్టేసినట్టు నిలబడిపోయింది. విప్పి చూస్తే ప్రతి కప్పూ పెరుగులో నానిన గారెలా ఉబ్బి ఉంది. చుక్క ఇంజన్ ఆయిల్, కిరోసిన్, పెట్రోలు, మామూలు గ్రీజు, ఏవీ ఆ రబ్బరుకి తగలకూడదు. కడగడానికి స్పిరిట్ గానీ కొత్త బ్రేక్ ఆయిల్ గానీ వాడండి. బిగించేటప్పుడు కప్పులకి బ్రేక్ ఆయిలే రాయండి.

ఆయిల్ డాట్ 4 పోయండి. కొత్తగా ఉన్నప్పుడు అది 230 డిగ్రీల దాకా మరగదు, నీరు చేరాక ఆ అంకె 155కి పడిపోతుంది. అది గాలిలోని తేమని పీల్చుకునే రకం. మన వానాకాలంలో మూత తీసి పెట్టిన డబ్బాని మర్నాడు వాడకండి, సీలు విప్పిన డబ్బాని వచ్చే ఏడాదికి దాచకండి. రెండేళ్లకోసారి మొత్తం మార్చాలి. మీ బండి ఎక్కువ తిరగదు కదా అని వదిలేయొద్దు, నిలబడి ఉన్న బండే ఎక్కువ పాడవుతుంది. సిలికాన్ రకం డాట్ 5 గురించి ఎవరైనా చెబుతారు. తేమ పీల్చదు, పెయింటుని తినదు, నిజమే. కానీ మామూలు దానితో కలవదు. పొరపాటున దార్లో ఎవరైనా మామూలుది కలిపితే చిక్కు. అందుకే నేను వాడను. పెయింటు మీద డాట్ 4 చుక్క పడితే తుడవకండి, వెంటనే నీళ్లు పోసి కడగండి.

అన్నీ ఎక్కించాక చాలామంది నేరుగా గాలి తీయడం మొదలుపెడతారు. ముందు షూలు సరిచేయాలి. చక్రంలోని బెజ్జంలోంచి స్క్రూ డ్రైవర్ పెట్టి అడ్జస్టర్‌ని చక్రం ఆగేదాకా తిప్పి, ఒక్క పన్ను వెనక్కి తేవాలి. ముందు చక్రాలకి రెండేసి, వెనక వాటికి ఒక్కోటి. సందు తక్కువుంటే పెడల్ పైనే నిలబడుతుంది, మీ మొదటి ఫిర్యాదులో సగం ఇక్కడే తీరుతుంది. ఆ తర్వాత గాలి. మాస్టర్‌కి దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టి, వెనక కుడి, ముందు ఎడమ, చివరికి ముందు కుడి. ఒకరు పెడల్ మీద, ఒకరు నిపుల్ దగ్గర, మూడో మనిషి మాస్టర్ డబ్బాలో ఆయిల్ చూసుకోవాలి. డబ్బా ఒక్కసారి ఖాళీ అయితే మళ్లీ మొదటికే. పెడల్ మెల్లగా తొక్కాలి, దబదబా తొక్కితే గాలి నురగై ఎక్కడా తేలదు. నిపుల్‌కి తగిలించిన గొట్టం రెండో కొన గాజు సీసాలో ఆయిల్‌లో మునిగి ఉండాలి, బుడగలు కనబడతాయి. హ్యాండ్ బ్రేకు కేబుల్ ఇదంతా అయ్యాకే బిగించాలి. ముందే బిగిస్తే వెనక షూలు తప్పు చోట నిలబడతాయి.

ఆ రాత్రి నాలుగు చక్రాల కిందా, మాస్టర్ కిందా పాత న్యూస్ పేపర్లు పరిచి పడుకోండి. పడుకునే ముందు పెడల్‌ని బలంగా ఒక నిమిషం నొక్కి పట్టండి. తెల్లారి పేపరు మీద ఒక్క మచ్చ కనబడినా ఆ నట్టు విప్పి మళ్లీ చూడాలి. పేపర్లు శుభ్రంగా ఉంటేనే గేటు దాటాలి. మొదట మీ వీధిలోనే నడక వేగంతో, ఒక చెయ్యి హ్యాండ్ బ్రేకు మీద ఉంచి. తర్వాత ఆదివారం ఉదయం 5 గంటలకి నెక్లెస్ రోడ్డు. 40లో వెళ్తూ మెత్తగా ఆపడం, రెండు నిమిషాలు చల్లారనివ్వడం, మళ్లీ. ఇలా పదిహేనుసార్లయినా చేస్తే గానీ కొత్త లైనర్ డ్రమ్ముకి ఒదగదు. ఒక పక్కకి లాగుతుంటే లాగే పక్క కాదు, రెండో పక్క బ్రేకు పని చేయడం లేదని అర్థం. 300 కిలోమీటర్ల తర్వాత షూలు మళ్లీ సరిచేయాలి.

మాఘానికి ఇంకా నాలుగు నెలలుంది. ఇంగ్లండు సామాను రావడానికి, లేత్ వాళ్ల వాయిదాలకి అంత కావాలి. సంక్రాంతి నాటికి ఆ 300 కిలోమీటర్లూ తిరగకపోయి ఉంటే పెళ్లికి వేరే కారు మాట్లాడేయండి. తాతగారి కారుకి పూలు కట్టి హాలు గుమ్మం దగ్గర నిలబెట్టండి, ఫొటోలకి అదే చాలు. ముహూర్తం ఉందని మాత్రం సగం బ్రేకులతో ఆ పిల్లని ఎక్కించకండి. కాగితాల సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. 50 ఏళ్లు దాటిన బండ్లకి కేంద్రం 2021లో "వీఏ" అక్షరాలతో వింటేజ్ రిజిస్ట్రేషన్ పెట్టింది, పదేళ్లు చెల్లుతుంది. అది తీసుకుంటే ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, రిపేరుకి తప్ప రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. మీ పాత రిజిస్ట్రేషన్ ఏ స్థితిలో ఉందో ఆర్‌టీఏ ఆఫీసులో కనుక్కుని, ఆ తర్వాత నిర్ణయించుకోండి.

అన్నీ కుదిరితే, ఆ రోజు స్టీరింగ్ ఎవరికీ ఇవ్వకండి, మీరే పట్టుకోండి. వెనక అబ్బాయి ఇంకో బండిలో రావాలి, మీ బ్రేకు లైటొక్కదాన్ని చూసి చీకట్లో జనానికి మీరు ఆగేది తెలియదు. ఊరేగింపులో ముందు బ్యాండు వాళ్లు నడుస్తుంటే మీరు గంటసేపు ఫస్టు గేరులో, క్లచ్ మీద కాలితో, ఆపుతూ కదులుతూ వెళ్లాలి. ఇంజన్ వేడెక్కుతుంది, పది నిమిషాలకోసారి పక్కకి తీసి ఆపేయండి. ఆపిన ప్రతిసారీ హ్యాండ్ బ్రేకు వేయండి. ఆ డోలు వాయించే వాళ్లు వెనక్కి చూడకుండా అడుగులేస్తారు, వాళ్లకీ మీ బంపరుకీ మధ్య నాలుగు బారలైనా ఖాళీ ఉంచండి.